అలసట తెలియని మనిషి

హిందూపురంలో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడి. అందులో పదో తరగతికి ఇంగ్లీషు చెప్పే భాను టీచరుకు ఆ శనివారం మధ్యాహ్నం భోజనాల వేళకే గొంతు పూడుకుపోయింది. రెండు వేల రెండో సంవత్సరం, ఫిబ్రవరి నెల. పబ్లిక్ పరీక్షలు నెత్తి మీదికొచ్చాయి కాబట్టి తెల్లవారగానే పిల్లల్ని కూర్చోబెట్టి, మళ్ళీ లైట్లు వేసేదాకా చదివించాలని కరస్పాండెంటు హుకుం. ఆ అదనపు గంటలకు జీతంలో చోటు లేదు. ఎవరో ధైర్యం చేసి అడిగితే ఆయన స్టాఫ్ మీటింగులో చేతులు జోడించి, "టీచింగ్ అంటే ఉద్యోగమా మేడమ్? లేబర్ ఆఫ్ లవ్!" అన్నాడు. ఆయన దగ్గర ఇంగ్లీషులో మంచి మాటలు కొన్ని ఉన్నాయి. జీతం ప్రస్తావన వచ్చినప్పుడే వాటిని బయటికి తీస్తాడు.

తమాషా ఏమిటంటే ఆ రోజు జాతీయాల పాఠంలోనూ అదే మాట తగిలింది. అర్థం రాయాలి, సొంత వాక్యంలో వాడాలి. భాను బోర్డు మీద రాసి, తిరిగి పిల్లల ముఖాలు చూసింది. సగం మంది కళ్ళు తెరిచి నిద్రపోతున్నారు.

"డబ్బు కోసమో, పేరు కోసమో కాకుండా ఇష్టంతో చేసే పని. ఎవరూ చెప్పకపోయినా చేస్తాం, ఎవరూ ఇవ్వకపోయినా చేస్తాం. అది లేబర్ ఆఫ్ లవ్. ఇప్పుడు ఒక్కొక్కరూ ఒక వాక్యం చెప్పండి."

నీలావతి అనే పిల్ల లేచి, మా అవ్వ మా తాతను తిట్టడం లేబర్ ఆఫ్ లవ్ అని ఇంగ్లీషులో చక్కగా చెప్పింది. క్లాసంతా గొల్లుమంది. భాను కూడా నవ్వేసింది. ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదలు.

అంతలో వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల లేచి నిలబడింది. "టీచర్, మా అమ్మ ఊదుబత్తీలు చేస్తాది. అది లేబర్ ఆఫ్ లవ్వా?"

"కాదమ్మా. అది కూలికి చేసే పని కదా."

"మీ కోసమే చేస్తాండా అంటాది టీచర్."

భాను చేతి గడియారం చూసుకుంది. ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కానీ గంట కొట్టే వేళయింది, ఇంకా ఎన్నో జాతీయాలు మిగిలి ఉన్నాయి. "పరీక్షలో మాత్రం అట్లా రాయొద్దు," అని కూర్చోబెట్టేసింది.

సాయంత్రం గేటు దగ్గర మసూద్ కాచుకుని ఉన్నాడు. పెనుకొండలో చెప్పుల షాపు ఆయనది, అక్కడి మసీదు కమిటీకి సెక్రెటరీ కూడా. భాను పుట్టింటి వీధివాడే కాబట్టి అన్నా అని పిలుస్తుంది.

"ఏమ్మా భానూ, రేపు మీ అమ్మకు సన్మానం పెట్టుకున్న్యాం, తెలుసు కదా. షీల్డు ఈడ చేపిస్తాండా. దాని మీద ఇంగ్లీషులో ఏదన్నా ఒక మంచి మాట రాయిద్దామని. ఇంగ్లీషులో ఉంటే దాని అందమే వేరు."

భాను తల్లి ఫాతిమాబీది పెనుకొండలో ఎవరూ పోటీకి రాని పని. ముస్లిం ఇళ్ళలో ఆడమనిషి చనిపోతే, ఖననానికి ముందు చేయించాల్సిన చివరి స్నానం, గుసుల్, ఆమె చేయిస్తుంది. దానికి కూలి తీసుకోకూడదు, ఆమె తీసుకోదు. ఎండాకాలమైనా వానాకాలమైనా కబురు వస్తే చాలు, వండుతున్న కూర దించి వెళ్ళిపోతుంది. భానుకు ఊహ తెలిసినప్పటి నుంచి అంతే. చదువుకునే పిల్లకెందుకని తల్లి ఆమెను ఒక్కసారి కూడా స్నానం చేయించే గది లోపలికి రానివ్వలేదు.

చేతికింకా సుద్దపొడి అంటుకునే ఉంది. మసూద్ ఇచ్చిన కాగితం మీద భాను లేబర్ ఆఫ్ లవ్ అని ఇంగ్లీషులో రాసిచ్చింది. కరస్పాండెంటు నోట్లో పడి కుళ్ళిన మాటకు ఇప్పుడు సరైన చోటు దొరికిందని ఆమెకు నిజంగానే సంతోషం కలిగింది.

"దీని అర్థం రేపు నువ్వే మైకులో చెప్పల్ల," అని మసూద్ మాట తీసుకుని పోయాడు.

ఆదివారం పొద్దున బస్సు దిగి, కొండ కింది పాత వీధిలోని ఇంటికి వెళ్ళేసరికి ఫాతిమాబీ పెరట్లో బట్టలు పిండుతోంది. పిండుతోంది అనడం మర్యాదకి. తడిసిన చీరను గోడకేసి ఒత్తుతోంది, నీళ్ళు వాటంతట అవే కారుతున్నాయి. మణికట్లు రెండూ ఉబ్బి ఉన్నాయి.

"ఇట్ల చూపియ్యి," అని భాను చేతులు పట్టుకుంది.

"ఏం చూపించేది. చెంబు నిలబడల్యా చేతిలో. కింద కూకుంటే లేసేకి ఎవురో ఒకరు పట్టుకోవాల. తోడొచ్చే ఖాజాబీ ఉన్నన్నాళ్ళు ఎట్లనో నెట్టుకొస్తి. ఆయమ్మ పోయినాంక ఒక్కదాన్నే మనిషిని పక్కకు తిప్పేకి నా పాణం పోతాంది." ఫాతిమాబీ పెరటి గట్టు మీద కూలబడి, గొంతు తగ్గించింది. "భానూ, ఈ పొద్దు ఆ సభలో చెప్పేస్తా. ఇంగ నాకు చాతగాదు, ఇద్దురు ఆడోళ్ళను పంపియ్యండి, నేర్పిచ్చి ఇడిసేస్తా అని. శాలువా కప్పినాంక నాకు మైకిస్తారంట. అందురూ ఉంటారు. అప్పుడు చెప్తే కాదనలేరు."

"చెప్పుమా. నేను ఎన్నాళ్ళ నుంచి మొత్తుకుంటాండా."

"రాత్రంతా అదే అనుకుంటాండా, ఎట్ల చెప్పాల్నా అని." చెప్పి ఆమె చిన్నపిల్లలా నవ్వింది. తల్లి ముఖంలో అంత తేలికదనం భాను చూసి ఎన్నేళ్ళయిందో.

షాదీఖానాలో జనం బాగానే వచ్చారు. ఆడవాళ్ళంతా ఒక పక్క, మగవాళ్ళంతా ఒక పక్క. ఉపన్యాసాలు చేసినవాళ్ళలో చాలామంది తమ ఇంట్లో ఎవరు పోయినప్పుడు ఫాతిమాబీ ఎలా వచ్చిందో చెప్పారు. అమ్మకు, అత్తకు, పెద్దక్కకు. చెప్పేవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, వినేవాళ్ళూ తుడుచుకున్నారు. ఫాతిమాబీ కుర్చీలో చేతులు కొంగులో దాచుకుని కూర్చుంది. తర్వాత భానును పిలిచారు.

భాను షీల్డు మీది మాట చదివింది. అర్థం చెప్పింది, బోర్డు ముందు చెప్పినట్టే చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. ఏళ్ళ తరబడి నిద్రమొహం పిల్లలకు పాఠం చెప్పిన మనిషికి అంతమంది ఒక్కసారిగా చెవులు రిక్కించి వింటే ఎలా ఉంటుంది? ఒళ్ళు పొంగింది. నోటికి కళ్ళెం వదిలింది. "ప్రేమతో చేసే పనిలో అలసట ఉండదు. మా అమ్మకు అలసట అంటే ఏమిటో తెలియదు. ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకూ ఆమె ఈ పని చేస్తూనే ఉంటుంది!"

ఆ మాటలు ఏ డిక్షనరీలోనూ లేవు. ఎవరూ అడగలేదు కూడా. జనం మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మసూద్ పరుగెత్తుకొచ్చి శాలువా కప్పి, మైకు తెచ్చి ఫాతిమాబీ నోటి దగ్గర పెట్టాడు.

ఫాతిమాబీ కూతురి వంక చూసింది. జనం వంక చూసింది. "అల్లా అందరికీ మంచి చేయాల," అని, మైకు పక్కకు తోసి కూర్చుంది. వినయమంటే అదీ అని అందరూ మెచ్చుకున్నారు. భానుకు అప్పుడుగానీ తను చేసిన పని తెలిసి రాలేదు. మళ్ళీ మైకు అందుకుందామని చూసింది. అప్పటికే వడ్డన మొదలైంది.

విస్తళ్ళ ముందు ఇంకా కూర్చోకముందే మసూద్ సెల్‌ఫోన్ మోగింది. ఆయన రెండు మాటలు విని, గోడకు ఆనుకుని ఏడవడం మొదలుపెట్టాడు. ధర్మవరంలో పట్టునూలు వ్యాపారం చేసేవాళ్ళింటికి కోడలుగా వెళ్ళిన ఆయన అక్క జైబున్ ఒక గంట కిందట కన్నుమూసింది. నెల రోజులుగా మంచం మీద ఉన్న మనిషి.

"అత్తా," అని మసూద్ ఫాతిమాబీ ముందు నిలబడ్డాడు. "నిన్న పొద్దున గూడా నీ పేరే చెప్పింది. నన్ను ఫాతిమానే కడగాల, వేరేవాళ్ళు తాకొద్దు అని. నువ్వు రావల్ల అత్తా."

ఫాతిమాబీ లేచింది. కుర్చీ పట్టుకుని, బల్ల పట్టుకుని లేచింది. మెడలో శాలువా అలాగే ఉంది.

జీపులో మసూద్ ముందు సీటులో కూర్చుని తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వెనక తల్లీకూతుళ్ళు. రోడ్డుకు రెండు పక్కలా వాన మొహం చూడని వేరుశనగ చేలు. భాను చాలాసేపు ఓర్చుకుని, చివరికి తల్లి చెవి దగ్గర అడిగింది.

"చెప్తానంటివి కదమ్మా. ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అట్ల చెప్పినాంక నేనెట్ల చెప్పేది? అంతమంది ముందర కూతురిని అబద్ధాలదాన్ని చేసేదా?" ఫాతిమాబీ గొంతులో కోపం లేదు, అలసట ఒక్కటే ఉంది. "అయినా ఆ ఇంగ్లీషు మాటలో ప్రేమ అంటివే, అది యాడిదే?"

భాను తల్లి మెడలోని శాలువా జారకుండా సర్దింది.

"మీ నాయన పోయినప్పుడు నువ్వు చంకలో ఉంటివి. ఆ ఏడాదే మన ఈదిలో ఒక బాలింత చచ్చిపాయ. ఏందో అంటుజాడ్యమని సొంత అక్కచెల్లెళ్ళే దగ్గరికి పోలేదు. ఫాతిమాకు మొగుడు లేడు, దానికేమయినా ఎవురికి నష్టమని నన్ను పంపిరి. పోయొచ్చి కక్కుకున్న్యా. ఎన్ని దినాలో కూడు పోలేదు లోపలికి. ఆ మీదట అందురూ నన్నే పిలిచిరి. ప్రేమ కాదు మే. ఎవురూ పోకపోతే ఆ మనిషి అట్లే పడుండాల్నా అని పోయినా. అంతే." బయటి చేల వంక చూస్తూ మళ్ళీ అంది. "జైబున్ దగ్గరికి మాత్రం ఎవురూ చెప్పకపోయినా పోతా. ఆయమ్మ నాతో కలిసి తిన్న మనిషి."

ధర్మవరంలో ఇంటి ముందు షామియానా వేస్తున్నారు. పక్కింటి మగ్గాల చప్పుడు ఆపేశారు. సాయంకాలం అసర్ నమాజు తర్వాత ఖననమని పెద్దలు అనుకున్నారు. ఇంటి వెనక బండలు పరిచిన స్నానాల గదిలో చెక్కబల్ల వేసి, రేగాకు వేసి కాచిన నీళ్ళు, కర్పూరం, తెల్లగుడ్డలు అన్నీ సిద్ధంగా పెట్టారు. ఫాతిమాబీ శాలువా తీసి కూతురి చేతికిచ్చి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

భాను తలుపు బయట ఆడవాళ్ళ మధ్య నిలబడింది. కాసేపు నీళ్ళ చప్పుడు. తర్వాత చెంబు బండ మీద పడి దొర్లిన చప్పుడు. మళ్ళీ నీళ్ళు. మళ్ళీ చెంబు పడింది.

"భానూ," అని లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఎన్నడూ అలాంటి గది నుంచి రాని పిలుపు.

భాను లోపలికి వెళ్ళింది. ఫాతిమాబీ బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది, ముఖం పాలిపోయింది. బల్ల మీద జైబున్, మెడ నుంచి మోకాళ్ళ దాకా గుడ్డ కప్పి ఉంది. "కుడిపక్క అయింది. ఎడమపక్క కడగాలంటే తిప్పాల. తిప్పలేను మే. చేతులు రాలేదు. ఎవురినన్నా ఒకరిని తోడుకు పిలువు."

భాను తలుపు సగం తెరిచింది. ఎదురుగా జైబున్ పెద్దకోడలు నిషాత్, ఆమె వెనక చెల్లెళ్ళు, ఆడబిడ్డలు. సొంతవాళ్ళు చేయడమే మేలని అక్కడ తెలియనివాళ్ళు ఎవరూ లేరు.

"నిషాత్, ఒక్కరు రండి లోపలికి. అమ్మకు చేతనయితాలేదు. పట్టుకుంటే చాలు."

నిషాత్ వెనక్కి జరిగింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, అది దొంగ ఏడుపు కాదు. "నాకు భయమక్కా. మా అత్తను అట్ల చూడలేను. మీ అమ్మకయితే అది ప్రేమంట కదా, అలసటే తెలీదంట, సభలో నువ్వే చెప్తివంట. మసూద్ మామ బయలుదేరేటప్పుడు ఫోనులో చెప్పినాడు. మా అట్లాటోళ్ళకు ఆ ప్రేమ యాడ నుంచి వస్తాది?"

మిగతావాళ్ళు తలలు దించుకున్నారు. భానుకు తిట్టాలనిపించింది. కానీ ఆ మాట తన మాటే. తన నోట పుట్టి, పెనుకొండ నుంచి తన కంటే ముందే వచ్చి ఇక్కడ గుమ్మంలో కూర్చుంది. తలుపు మూసి, గడియ పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంది.

"ఏం చెయ్యాల్నో చెప్పుమా."

"నువ్వెందుకే? రేపు బడికి పోవాల, పిల్లోళ్ళ దగ్గర నిలబడాల..."

"చెప్పుమా."

ఫాతిమాబీ చెప్పింది. చేతికి గుడ్డ ఎలా చుట్టుకోవాలో, కప్పిన గుడ్డ తొలగకుండా దాని కిందనే ఎలా కడగాలో. మొదటిసారి భుజం కింద చెయ్యి పెట్టినప్పుడు ఆ చల్లదనానికి భాను మోచేతుల దాకా జలదరించింది. భయపడుతూనే బిగించి పట్టుకుంది.

"అంత గట్టిగా పట్టద్దు. నొస్తాది."

"ఆమెకు నొప్పి యాడుంటుందమ్మా ఇంక?"

"మనకేం తెలుసు," అంది ఫాతిమాబీ. "పసిబిడ్డను తిప్పినట్ల తిప్పాల. నీళ్ళు ముందు నీ చేతి మీద పోసుకుని చూడు. వేడుంటే వద్దు."

ఇద్దరూ కలిసి తిప్పారు. భాను పోసింది, ఫాతిమాబీ చూసింది. మధ్యలో తల్లి జైబున్‌తో కూడా మాట్లాడింది, ఇదిగో అయిపోయింది, ఇంక కొంచెమే, ఓర్చుకో అని. జైబున్ వీపు మీద మంచం పుండ్లు చూసి భాను నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఫాతిమాబీ ఒక్కసారి కళ్ళెత్తి చూసింది. ఈ గదిలో చూసింది బయట చెప్పకూడదని ఆ చూపే చెప్పింది. ఇంతకాలం అమ్మ ఇలాంటివి ఎన్ని చూసి, ఎన్ని మింగి ఇంటికొచ్చి తనకు అన్నం కలిపి పెట్టిందోనని భానుకు దుఃఖం పొర్లుకొచ్చింది. ఏడుస్తూనే నీళ్ళు పోసింది. చివరి నీళ్ళలో కర్పూరం కలిపారు. తుడిచి, అవతల పొడిగా ఉన్న చోట పరిచిన తెల్లగుడ్డల మీదికి ఇద్దరూ కలిసి, ఆయాసపడుతూ చేర్చారు.

"ఇంగ తల దువ్వి మూడు జడలేసి, గుడ్డలు మూసేది. అది ఒక్కదానివే చెయ్యొచ్చు," అని ఫాతిమాబీ గోడ పక్క పీట మీద కూర్చుంది. "మెల్లగ దువ్వు. చిక్కు ఉంటే లాగద్దు."

భాను దువ్వింది. జైబున్ జుట్టు వయసుకు మించి ఒత్తుగా ఉంది. మూడు పాయలు తీసి, ఒక్కొక్కటే అల్లింది. చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు తల్లి తనకు ఇలాగే అల్లేది, ఒక్క వెంట్రుక లాగేది కాదు. గుడ్డలు మొదట ఎడమవైపు మూయాలా కుడివైపా అని అడిగింది. జవాబు రాలేదు. మళ్ళీ అడిగి వెనక్కి తిరిగి చూసింది.

ఫాతిమాబీ నిద్రపోయింది. తల గోడకు వాలిపోయి, నోరు కొద్దిగా తెరుచుకుని, ఉబ్బిన చేతులు రెండూ ఒడిలో వెల్లకిలా పెట్టుకుని. తడిసిన చీర కాళ్ళకు అంటుకుపోయి ఉంది. గురక కూడా కాదు, బాగా అలిసిన పిల్లలకు వచ్చే బరువు ఊపిరి. పట్టపగలు తల్లి నిద్రపోవడం భాను తన జన్మలో చూడలేదు.

భాను తనకు తోచినట్టు గుడ్డలు మూసింది. ఎడమవైపుది ముందు, దాని మీద కుడివైపుది. నడుము దగ్గర, కాళ్ళ దగ్గర కట్టు కట్టింది. ముఖం మాత్రం చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం వదిలింది. సరిగ్గానే వచ్చింది. ఇక చేయాల్సిందేమీ లేదు.

తలుపు మీద తట్టిన చప్పుడు. మసూద్ గొంతు.

"భానూ, అయిపోయిందామ్మా? అసర్ టైమయితాంది. అందురూ కాసుకున్యారు."

చనిపోయినవాళ్ళను ఆలస్యం చేయకూడదని భానుకు తెలుసు. అది పాపమని కూడా తెలుసు. జైబున్ ముఖం వంక చూసి, మనసులోనే ఒక మాట అడిగింది. తర్వాత తలుపు దగ్గరికి వెళ్ళింది.

"ఇంకా కాలేదన్నా. రోంతసేపు పడుతుంది."

బయట అడుగుల చప్పుడు ఆగింది కానీ వెనక్కి మళ్ళలేదు. వింటున్నారు. భాను చెంబు తీసుకుని, మిగిలిన నీళ్ళు ముంచి, బయటికి వినపడేంత గట్టిగా, అమ్మకు మెలకువ రానంత మెల్లగా, తూము దగ్గర బండ మీద పోసింది.